శ్రోత ఏమి అడగవచ్చు?

1947 నవంబర్ 12న, దీపావళి నాడు, మహాత్మా గాంధీ ఢిల్లీలోని ఆలిండియా రేడియో భవనానికి వెళ్లి మైకు ముందు కూర్చున్నారు. రేడియో కేంద్రంలో ఆయన అడుగుపెట్టడం అదే మొదలు, అదే చివర. కురుక్షేత్ర శిబిరంలో తలదాచుకుంటున్న కాందిశీకులను స్వయంగా చూడాలనుకున్నారు. వీలుపడలేదు. వారి కోసం శిబిరంలో రేడియో ఏర్పాటు చేయగా, ఆయన ఢిల్లీ నుంచి మాట్లాడారు. ఆ తేదీనే ఇప్పుడు ప్రజా ప్రసార దినోత్సవంగా జరుపుతున్నారు.

ఆనాడు ఆ గొంతు విన్నవారు తిరిగి ఏమీ అడగలేకపోయారు. అది ఎవరి తప్పూ కాదు. యంత్రం స్వభావమే అది. అయితే తరువాతి డెబ్బై అయిదేళ్లలో యంత్రం మారింది, ఉత్తరం వచ్చింది, టెలిఫోను వచ్చింది, సెల్ ఫోను వచ్చింది. శ్రోతకు నోరు వచ్చింది. ఆ నోటితో ఏమి అడగవచ్చు అన్న విషయంలో మాత్రం ప్రభుత్వాలు మారినా ఒక గీత దాదాపు కదలకుండా నిలిచిపోయింది.

శిబిరాలలోని వాయవ్య సరిహద్దు రాష్ట్రపు కుటుంబాలు అనేకం ఆ తరువాత రెండు మూడేళ్లలో ఢిల్లీకి దక్షిణాన, పాత ఫరీదాబాద్ పక్కన, తమ చేతులతో తామే కట్టుకున్న కొత్త పట్టణానికి చేరాయి. 1949లో ఏర్పడిన ఫరీదాబాద్ అభివృద్ధి మండలికి బాబూ రాజేంద్ర ప్రసాద్ అధ్యక్షులు. కమలాదేవి చట్టోపాధ్యాయ స్థాపించిన ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ అక్కడ సహకార పద్ధతిలో పనులు చేయించింది. ఆ ప్రయోగాన్ని గ్రంథస్థం చేసిన ఎల్.సి. జైన్, మండలి సమావేశాలలో ప్రధాని నెహ్రూ ఎంత శ్రద్ధగా పాల్గొన్నారో వివరించారు. ఆ కాందిశీకులు అడగడం ఎరుగనివారు కారు. తమను ఎక్కడో దూరాన కాక ఢిల్లీకి దగ్గరలో స్థిరపరచాలని రాజధాని వీధుల్లో ఆందోళన చేసి సాధించుకున్నవారు. మనిషి ఎదుట ఉంటే అడిగారు. రేడియో ఎదుట ఉంటే విన్నారు. దేశ విభజన నెలల్లో ఢిల్లీ కేంద్రం తప్పిపోయిన బంధువుల కోసం కాందిశీకులు ఇచ్చిన సందేశాలను చదివి వినిపించిందన్నది నిజం. సామాన్యుడి మాట జాతీయ రేడియోలో వినిపించిన తొలి సందర్భాలలో అదొకటి. కానీ అది ఆర్తనాదం, ప్రశ్న కాదు.

అదే 1947లో, ఏప్రిల్ 9న, బ్రిటన్‌లో బీబీసీ ఒక చిన్న కార్యక్రమం మొదలుపెట్టింది. తోటపని తెలిసిన నిపుణులు కొందరు ఒక ఊరికి వెళ్లి కూర్చుంటారు. ఊరివారు లేచి తమ గులాబీల గురించి, క్యాబేజీల గురించి అడుగుతారు. తరువాత 'గార్డెనర్స్ క్వశ్చన్ టైమ్' అన్న పేరు స్థిరపడిన ఆ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. మరుసటి ఏడే, 1948లో, అదే సంస్థ 'ఎనీ క్వశ్చన్స్?' ప్రారంభించింది. పద్ధతి అదే, ఊరూ అదే. వేదిక మీద మాత్రం తోటమాలులకు బదులు రాజకీయ నాయకులు. 1974 నాటికి ఎన్నికల వేళ పార్టీ నాయకులు స్టూడియోలో కూర్చుని ఓటర్ల ఫోన్లకు జవాబిచ్చే 'ఎలక్షన్ కాల్' కూడా వచ్చింది. క్యాబేజీ గురించి అడిగిన మనిషే క్యాబినెట్ గురించీ అడగవచ్చునన్న భావన అక్కడి రేడియోలో కలిసి పెరిగింది. భారతదేశం ఈ సంప్రదాయంలో తోట భాగాన్ని ఎంతో ప్రేమగా తెచ్చుకుంది. సభ భాగాన్ని రేవులోనే వదిలేసింది.

తోట భాగం సాధించినది తక్కువేమీ కాదు. 1956లో యునెస్కో సహాయంతో పూనా పరిసరాల్లోని 5 జిల్లాలలో, 150 గ్రామాలలో రేడియో రైతు సభల ప్రయోగం జరిగింది. వారానికి రెండు సార్లు, అరగంట చొప్పున, మొత్తం 20 ప్రసారాలు. ఊరివారు ఒకచోట చేరి విని, చర్చించుకుని, తేలని సందేహాలను కేంద్రానికి రాసి పంపితే నిపుణులు తరువాతి ప్రసారాల్లో జవాబు చెప్పేవారు. కెనడాలో 1941 నుంచి నడిచిన పద్ధతికి ఇది భారతీయ రూపం. 1966లో ఆకాశవాణి కేంద్రాలలో వ్యవసాయ, గృహ విభాగాలు ఏర్పడినాక నిపుణుడి మాట పొలం గట్టు దాకా వెళ్లింది. తంజావూరు రైతులు ఏడీటీ-27 అనే కొత్త వరి వంగడాన్ని రేడియోలో విని వేసుకున్నందున దానికి 'రేడియో వరి' అన్న పేరే వచ్చింది. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాలలో సామూహిక టీవీ సెట్ల ముందు 'కృషి దర్శన్' మొదలయింది. తెలుగు నాట పాడిపంటల ప్రసారాలు విని ఎరువు మోతాదు సరిచూసుకున్న తరం ఇంకా ఉంది.

తెలుగు శ్రోతకు మరింత దగ్గరి ఉదాహరణ విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ నిర్వహించిన 'ధర్మసందేహాలు'. రామాయణ భారతాలలో తమకు తట్టిన చిక్కులను శ్రోతలు ఉత్తరాలలో రాసి పంపేవారు. ఆయన గంభీర స్వరంతో విడమరిచేవారు. ఆ సమయానికి వీధి అరుగుల మీద రేడియోలు మోగుతూ ఉండేవని ఆనాటివారు ఇప్పటికీ తలచుకుంటారు. ఆ కార్యక్రమం ఒక గొప్ప విషయాన్ని నిరూపించింది: నలుగురి ఎదుట అడిగిన ఒకరి సందేహం నాలుగు వేల మంది సందేహం అవుతుంది. ఉత్తరం రాసినవాడు ఒక్కడు, ఊరట పొందినవారు అసంఖ్యాకులు. పంట తెగులైనా, ధర్మసంకటమైనా సూత్రం ఒకటే. బహిరంగంగా అడగడంలోనే దాని విలువంతా ఉంది.

అయితే ఈ తెలుగు మాటనే కాస్త నిలిచి చూడాలి. 'సందేహం' అడిగేవాడిలో ఉన్న లోటు. తెలియనివాడు తెలిసినవాడి దగ్గరకు వస్తాడు, తీర్చుకుని పోతాడు. 'ప్రశ్న' అలా కాదు; అది జవాబు చెప్పేవాడి మీద బాధ్యత పెడుతుంది. యూరియా ఎకరానికి ఎంత వేయాలన్నది సందేహం. అదును దాటిపోతున్నా సొసైటీలో యూరియా ఎందుకు లేదన్నది ప్రశ్న. రెండింటినీ అడిగేది ఒకే రైతు, తరచుగా ఒకే గుక్కలో. ఆకాశవాణి మొదటిదానికి అరగంట ఇచ్చింది. రెండోదానికి ఒక నియమావళి ఇచ్చింది.

1960ల చివర రూపుదిద్దుకున్న ఆ ప్రసార నియమావళి నిషేధించిన అంశాలలో అశ్లీలత, మతాల మీద దాడి, హింసకు ప్రేరేపణ వంటివి ఉన్నాయి. వాటితో ఎవరికీ పేచీ లేదు. కానీ వాటి సరసనే ఏదైనా రాజకీయ పార్టీని పేరు పెట్టి దాడి చేయడం, కేంద్రాన్ని గాని రాష్ట్రాన్ని గాని శత్రుభావంతో విమర్శించడం కూడా ఉన్నాయి. శత్రుభావం ఎక్కడ మొదలవుతుందో తేల్చేది విమర్శకు గురయ్యే ప్రభుత్వం కింద పనిచేసే ఉద్యోగి. అతడు జాగ్రత్తపరుడైతే, ఉద్యోగులు సాధారణంగా జాగ్రత్తపరులే, యూరియా కొరత కూడా శత్రుభావంగానే వినిపిస్తుంది. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు ఆకాశవాణిని లొంగదీయడానికి పెద్ద శ్రమ అవసరం కాలేదంటే అందులో ఆశ్చర్యం లేదు. అలవాటు ముందే ఉంది.

టెలిఫోను రాకతో ఈ అలవాటు చెదరవలసింది. 1991లో దేశం మొత్తం మీద ఉన్న ఫోన్లు దాదాపు 50 లక్షలే. కానీ ఎస్టీడీ బూతులు వీధి వీధికీ వచ్చాక సొంత ఫోను లేనివాడూ స్టూడియోకు ఫోను చేయగలిగాడు. 1990లలో ఫోన్-ఇన్ కార్యక్రమాలు విస్తరించాయి. వైద్యుడు, న్యాయవాది, వ్యవసాయ శాస్త్రవేత్త స్టూడియోలో. శ్రోత లైను మీద. ఉత్తరాన్ని ముందే చదివి ఏరివేయవచ్చు, ప్రత్యక్ష ప్రసారంలో గొంతును ఏరివేయడం కష్టం. అందుకే ఏరివేత ఒక మెట్టు వెనక్కు జరిగింది. ఫోను ఎత్తిన సహాయకుడు ముందుగా పేరు, ఊరు, అడగబోయే విషయం కనుక్కుంటాడు. విషయం కార్యక్రమానికి సంబంధించినదైతేనే లైను కలుపుతాడు. ఇది ప్రపంచమంతటా ఉన్న పద్ధతే. తేడా ఎక్కడంటే 'సంబంధించినది' అన్న మాటకు ఇచ్చే అర్థంలో ఉంది.

పాలకుడే లైను మీదకు వస్తే? ఆ ప్రయోగమూ తెలుగు నేల మీద జరిగింది. 1990ల చివర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దూరదర్శన్ ద్వారా నిర్వహించిన 'డయల్ యువర్ సీఎం' దేశమంతటా చర్చనీయాంశమయింది. ముఖ్యమంత్రి స్వయంగా ఫోనుకు జవాబివ్వడం అప్పటికి విడ్డూరం. పింఛను రాలేదని ఒకరు, రోడ్డు లేదని ఒకరు చెప్పుకుంటే, ఆయన పక్కనున్న అధికారికి పురమాయించేవారు. పనులు కొన్ని అయ్యాయి కూడా. కాని అక్కడ నడిచింది సందేహమూ కాదు, ప్రశ్నా కాదు, అర్జీ. దర్బారులో చేతులు కట్టుకుని నిలబడే అర్జీదారు ఈసారి రిసీవరు పట్టుకుని నిలబడ్డాడు. నా ఊరికి రోడ్డు వేయించండని అడగవచ్చు. రోడ్లకిచ్చిన నిధులు ఏ లెక్కన పంచారని అడిగి, జవాబు నచ్చకపోతే మళ్లీ రెట్టించడానికి అందులో తావు లేదు. 1983లో బ్రిటన్‌లో టీవీ కార్యక్రమంలో పాల్గొన్న డయానా గౌల్డ్ అనే సామాన్య మహిళ, బెల్‌గ్రానో నౌకను ఎందుకు ముంచారని ప్రధాని థాచర్‌ను పదే పదే నిలదీసిన తీరుతో దీనిని పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 'డయల్ యువర్' అన్న మాట మాత్రం తెలుగు పాలనలో పాతుకుపోయింది. ఆర్టీసీ డిపో మేనేజరు నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం ఈవో దాకా ఇప్పటికీ ఆ పేరుతోనే ఫోన్లు ఎత్తుతున్నారు.

చట్టం వైపు చూస్తే, ఈ గీతను చెరపడానికి ప్రయత్నించినవారిలో తెలుగువారి సంఖ్య విశేషంగా కనిపిస్తుంది. వి.పి. సింగ్ ప్రభుత్వంలో సమాచార ప్రసార మంత్రిగా ఉన్న పర్వతనేని ఉపేంద్ర ప్రసార భారతి బిల్లును నెగ్గించారు. అది 1990లో చట్టమయింది. స్వేచ్ఛగా, సత్యంగా, నిష్పాక్షికంగా సమాచారం పొందే పౌరుడి హక్కును కాపాడటం సంస్థ లక్ష్యమని 12వ సెక్షను చెబుతుంది. ఆ వెంటనే ప్రభుత్వం పడిపోయింది. తరువాత అయిదేళ్లు ప్రధానిగా ఉన్న మరో తెలుగువాడు పి.వి. నరసింహారావు ఆ చట్టాన్ని అమల్లోకి తేలేదు. 1995 ఫిబ్రవరి 9న, క్రికెట్ పోటీల ప్రసార హక్కుల వ్యాజ్యంలో, సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు ఉండి విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, ప్రసారాల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత ప్రమాదమో ప్రైవేటు గుత్తాధిపత్యమూ అంతే ప్రమాదమని, రెండింటికీ చెందని స్వతంత్ర ప్రజా సంస్థ చేతిలో అవి ఉండాలని అన్నారు. 1997 సెప్టెంబరులో గుజ్రాల్ ప్రభుత్వపు మంత్రి ఎస్. జైపాల్ రెడ్డి హయాంలో ప్రసార భారతి చట్టం ఎట్టకేలకు అమల్లోకి వచ్చింది. ఇంతమంది ఇన్ని చేసినా జీతాలకు ప్రసార భారతి కేంద్ర ప్రభుత్వ నిధుల మీదే ఆధారపడి ఉంది. జీతం ఇచ్చే చేయిని ప్రశ్నించే గొంతుకు లైను కలపమని కార్యక్రమ నిర్వాహకుడిని ఆదేశించే చట్టం ఇంకా రాలేదు.

తీర్పులోని మాటను అందరికంటే గట్టిగా పట్టుకున్నది జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు మాచ్నూరులో 1990ల చివరికే రేడియో కేంద్రం కట్టుకున్నాయి. అనుమతి లేదు. 2000 జూలైలో పస్తాపూర్‌లో జరిగిన సమావేశం ప్రజలకు సొంత రేడియో కావాలని కోరింది. 2006లో కేంద్రం సముదాయ రేడియో విధానం ప్రకటించేదాకా, ఆ తరువాత అనుమతి చేతికొచ్చేదాకా, ఆ మహిళలు కార్యక్రమాలను క్యాసెట్లలో నింపి సంఘాల సమావేశాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబర్ 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించినది జస్టిస్ సావంత్. అక్కడ నిపుణుడన్న పదానికే అర్థం మారింది: చిరుధాన్యాల గురించి, విత్తనం దాచడం గురించి చెప్పేది విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు, నలభై ఏళ్లుగా విత్తనం దాచిన మనిషి. ప్రశ్నకు, జవాబుకు మధ్య ఉన్న ఎత్తు పల్లాలను ఇంతగా చదును చేసిన కేంద్రం మరొకటి అరుదు.

ఆ 2006 విధానం ఫరీదాబాద్ ప్రాంతానికీ రేడియోలు తెచ్చింది. ఫరీదాబాద్‌లో మానవ్ రచనా విద్యాసంస్థ నడిపే రేడియో, గురుగ్రామ్‌లో 2009లో మొదలైన 'గుడ్‌గావ్ కీ ఆవాజ్', నూహ్ జిల్లా ఘాఘస్ గ్రామంలో 2012లో మొదలైన 'అల్ఫాజ్-ఎ-మేవాత్'. మూడింటి స్థానమూ రేడియో సూచీ మీద ఒకటే: 107.8. సముదాయ రేడియో శక్తి సాధారణంగా 100 వాట్లకు, అంటువ 30 మీటర్లకు పరిమితం. ప్రసారం పది పదిహేను కిలోమీటర్లు దాటదు. కాబట్టి ఒకదాని గొంతు మరొకదానికి అడ్డురాదు, ఒకదాని శ్రోతకు మరొకటి వినపడదు కూడా. ఒకే అంకె మీద పక్కపక్కనే ఉన్న మూడు పట్టణాలు. ఆరోగ్యం, చట్టం, వ్యవసాయం మీద నిపుణులను పిలిచి శ్రోతల సందేహాలు తీర్చడం ఈ తరహా కేంద్రాలకు ప్రాణం. రాజధాని ఎఫ్ఎం చానళ్లు పట్టించుకోని మేవాతీ పలుకుబడి, కార్మిక వాడల హిందీ, వలస కూలీల భోజ్‌పురి వాటిలో వినిపిస్తాయి.

కానీ గీత అక్కడా వెంట వచ్చింది. 2006 విధానం ప్రకారం వార్తలకు, వర్తమాన వ్యవహారాలకు సంబంధించినవి, రాజకీయ స్వభావం గలవి సముదాయ రేడియోలో ప్రసారం చేయకూడదు. ఆకాశవాణి నియమావళి వీటికీ వర్తిస్తుంది. తరువాత వచ్చిన సడలింపుల్లో ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు ఇవ్వవచ్చన్నారు. వాతావరణం, ట్రాఫిక్, పరీక్షా ఫలితాలు, ఉద్యోగావకాశాలు, స్థానిక యంత్రాంగం అందించే నీటి సరఫరా, విద్యుత్ ప్రకటనలు వార్తల కిందకు రావన్నారు. 'యంత్రాంగం అందించే' అన్న మాట గమనించదగినది. నీళ్లు రేపు రావని అధికారి చెబితే ప్రసారం చేయవచ్చు. నిన్న ఎందుకు రాలేదని శ్రోత అడిగితే అది వర్తమాన వ్యవహారం. టీవీ చానళ్లు రాత్రంతా అరుచుకోవడానికి లేని అడ్డు పది కిలోమీటర్ల రేడియోకు ఎందుకన్న వాదనతో కామన్ కాజ్ సంస్థ 2013లో ప్రైవేటు రేడియోల వార్తా నిషేధం మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రభుత్వం భద్రతను కారణంగా చూపింది.

ఈలోగా సందేహాన్ని కూడా బహిరంగ స్థలం నుంచి తప్పించే ఏర్పాట్లు జరిగాయి. 2004 జనవరి 21న మొదలైన కిసాన్ కాల్ సెంటర్ ఉపయోగాన్ని ఎవరూ కాదనరు. రైతు తన భాషలో ఉచితంగా అడిగి జవాబు తెలుసుకోవచ్చు. అయితే ఆ సంభాషణ ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. ఒకే మండలంలో రెండు వందల మంది నకిలీ విత్తనం గురించి ఒకే వారంలో ఫోను చేసినా, ఒకరి సంగతి మరొకరికి తెలియదు. ఉషశ్రీ కార్యక్రమంలో ఉన్న గుణం సరిగ్గా ఇక్కడ లోపించింది. 2014 అక్టోబర్ 3న మొదలైన 'మన్ కీ బాత్' మరో దిక్కుకు వెళ్లింది. శ్రోతలు ఉచిత నంబరుకు ఫోను చేసి తమ మాట రికార్డు చేయవచ్చు. 2015 జనవరి 27 ప్రసారంలో అమెరికా అధ్యక్షుడు ఒబామాతో కలిసి ప్రధాని మోదీ శ్రోతలు పంపిన ప్రశ్నలకు జవాబులిచ్చారు. ప్రశ్నలను ఎంచేది జవాబిచ్చేవారి యంత్రాంగమే. రెట్టించి అడగడానికి లైను మీద ఎవరూ ఉండరు. పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయాన్ని 2020 సెప్టెంబరు సమావేశాల్లో పూర్తిగా పక్కన పెట్టిన ప్రభుత్వం నుంచి రేడియో శ్రోతకు అంతకన్నా ఎక్కువ ఆశించడం అమాయకత్వం కావచ్చు. గత ప్రభుత్వాలూ రేడియో దగ్గర ఇంతకన్నా ఉదారంగా లేవన్నది కూడా అంతే నిజం.

ఈ గీత ఖరీదు ఎంతో ఫరీదాబాద్ శివార్లలోని ఖోరీ గ్రామం చెబుతుంది. ఆరావళి అటవీ భూమిలో వెలసిన ఆ బస్తీని ఆరు వారాల్లో ఖాళీ చేయించాలని 2021 జూన్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. సుమారు 10 వేల ఇళ్లు. కొవిడ్ రెండో విడత అప్పుడే తగ్గుతోంది, నడి వేసవి, కరెంటు, నీళ్లు ఆగిపోయాయి. అర్హులకు డబువా కాలనీ, బాపూ నగర్‌లలో ఫ్లాట్లు ఇస్తామని నగరపాలక సంస్థ పథకం ప్రకటించింది. అర్హత తేల్చడానికి కుటుంబ ఆదాయం మూడు లక్షలు మించకూడదు. 2021 జనవరి 1 నాటికి ఓటరు జాబితాలో పేరు గాని, కుటుంబ గుర్తింపు పత్రం గాని, విద్యుత్ సంస్థ ఇచ్చిన కనెక్షను గాని ఉండాలి.

అటువంటి వారంలో ఒక సముదాయ రేడియో న్యాయ నిపుణుడిని పిలిచి లైన్లు తెరిచిందని ఊహిస్తే, మొదటి ఫోను చేసినవాడు ఏ కాగితం చూపాలని అడుగుతాడు. రెండోవాడు ఓటరు కార్డు ఉంది, కరెంటు మీటరు మాత్రం దళారి పేరు మీద ఉంది, ఏం చేయాలంటాడు. వీటికి నిపుణుడు చట్టం ప్రకారం జవాబు చెప్పవచ్చు, నిబంధనలు అడ్డురావు. మూడోవాడు అటవీ భూమి అని తెలిసీ ఇన్నేళ్లు ఇక్కడ ప్లాట్లు అమ్మినవారెవరు, చూస్తూ ఊరుకున్న అధికారులెవరు, ఇదే అడవిలోని ఫామ్‌హౌసుల సంగతేమిటి అని అడుగుతాడు. లైను కలిపే కుర్రవాడు ఆ ఫోను ఎత్తినప్పుడు ఎదుట గోడ మీద అనుమతి పత్రం వేలాడుతూ ఉంటుంది. అతడు మర్యాదగా, ఈ రోజు కార్యక్రమం కాగితాల గురించి మాత్రమేనని చెబుతాడు.